మూడోసారి లాగని తాళం

కొత్త కాకరలోవ కాలనీలో నూట నలభై ఇళ్ళున్నాయి. వాటిలో తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఇల్లు చెబుతారు. తాతారావు ఇంట్లోని నలుగురినీ నాలుగు గదుల్లో విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే మాత్రం నలుగురూ ఒకే ఇల్లు చెబుతారు. తమ ఇల్లే. ప్రభుత్వం వారిచ్చిన ఆ ఇంట్లో నాలుగు గదులు లేవు, అది వేరే సంగతి.

ఆ నలుగురూ ఎవరంటే, ఇంటికి పెద్ద తాతారావు, అతని తల్లి మంగాయమ్మ, భార్య లోవమ్మ, తమ్ముడు అబ్బులు. అబ్బులుకి ముప్పై ఐదు దాటినా ఇంకా పెళ్ళి కాలేదు. ఒకసారి పెళ్ళిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి "కూర్చో బాబూ, ఇప్పుడే వస్తా" అని లోపలికి వెళ్ళి, వెనక గుమ్మంలోంచి సంతకి పోయాడు. అంతే! అబ్బులు మూడు రోజులు అక్కడే కూర్చున్నాడు. నాలుగో రోజు ఆ పిల్లకే వేరే సంబంధం వాళ్ళొస్తే, కుర్చీ చాలక ఇతన్ని లేపారు.

చెప్పిన మాటని చెప్పినట్టు చెయ్యడం, అదీ వాళ్ళ తెలివి. కాలనీ ఇల్లు అప్పగించిన రోజున కరెంటాయన గోడకున్న ఒక స్విచ్చి చూపించి "దీన్ని ముట్టుకోకండి, రేపు మనిషొచ్చి బాగుచేస్తాడు" అన్నాడు. ఆ రేపు పన్నెండేళ్ళయినా రాలేదు. అది ఫ్యాను స్విచ్చి. వేసవికాలం మధ్యాహ్నాలు నలుగురూ ఆ ఫ్యాను కిందే కూర్చుని, విసనకర్రలతో విసురుకుంటూ, చెమటలు తుడుచుకుంటూ "ఎవరైనా ముట్టుకున్నామా? లేదు. తెలివంటే ఇదీ" అని మురిసిపోయేవారు.

తాతారావుకి ఇంత తెలివున్నా, మనసులో ఒక ముల్లు మాత్రం ఉండిపోయింది. అది తాళం సంగతి.

ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు తాళం వేసి మూడుసార్లు లాగి చూడాలి. ఇది మంగాయమ్మ అత్తగారి నాటి నుంచీ ఆ ఇంటి కట్టుబాటు. మొదటిసారి లాగితే తాళం పడిందో లేదో తెలుస్తుంది. రెండోసారి లాగితే మొదటిసారి సరిగ్గా లాగామో లేదో తెలుస్తుంది. మూడోసారి ఎందుకో చెప్పకుండానే ఆ అత్తగారు పోయింది. ఎందుకో తెలియదు కాబట్టే మూడోదంటే వాళ్ళకి మరీ భయం.

కోనగెడ్డ మీద డ్యాం కట్టి, పాత కాకరలోవ ఖాళీ చెయ్యమన్న రోజున ఊరంతా లారీలెక్కింది. ఆఫీసరుగారు ఇంటింటికీ తిరిగి "తాళాలేసుకుని బయల్దేరండి. ఏం కంగారుపడకండి, మీ ఇళ్ళు ఎక్కడికీ పోవు. మేం పిలిచేదాకా మాత్రం ఎవరూ ఇటు రావద్దు" అన్నాడు. ఆయన ఆ ఊరివాళ్ళకి చెప్పిన మాటలన్నిట్లోనూ నిజమైంది ఆ ఒక్కటే. ఇళ్ళు ఎక్కడికీ పోలేదు. మీద ఒక తాటిచెట్టు లోతున నీళ్ళు మాత్రం వచ్చాయి.

ఆ రోజు తాతారావు తాళం వేశాడు. ఒకసారి లాగాడు. రెండోసారి లాగాడు. ఇంతలో లారీ కదిలింది, ఎవరో వెనకనుంచి చంకల కింద చేతులేసి అతన్ని ఎత్తి లారీలో పడేశారు. మూడోది లాగలేదు!

ఇంకేముంది! ఆ రోజు మొదలు మంగాయమ్మకి నిద్ర లేదు. పొద్దు వాలి పక్క వేసుకోగానే "పెద్దోడా, మూడోది లాగలేదురా" అనేది.

"అమ్మా, అంత నీళ్ళల్లో మనింట్లోకి ఎవడు దూరతాడే?"

"ఈతొచ్చినోడు దూరతాడు" అనేది మంగాయమ్మ. "మా అమ్మ ఇచ్చిన రోలుంది. మీ నాన్న మంచం ఉంది. వాసాలకి ఏలాడదీసిన గుమ్మడికాయలు రెండున్నాయి."

పన్నెండేళ్ళు రోజూ అదే మాట. తాతారావు పగలంతా మీసం దువ్వుకుంటూ తెలివిగా తిరిగేవాడు గానీ ఆ మాట వినపడగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు. కన్నతల్లికి నిద్ర లేకుండా చేసింది తన చెయ్యే కదా అని అతనికి నిజంగా ఏడుపొచ్చేది. వెళ్ళి ఆ మూడోది లాగేసి వద్దామంటే డ్యాం ఆరు కిలోమీటర్లే. కానీ పిలిచేదాకా రావద్దన్నారు. ఎవరూ పిలవలేదు.

పిలిచేరోజు రానే వచ్చింది. ఒక శుక్రవారం పొద్దున్నే మైకు కట్టుకున్న ఆటో ఒకటి కాలనీలోకి వచ్చింది. "రండి! రండి! కోనగెడ్డ జలాశయం మిమ్మల్ని పిలుస్తోంది! బోటు షికారు! పార్కు! ఊయలలు! కుటుంబంతో సహా రండి, సొంత ఇంట్లో ఉన్నట్టే హాయిగా గడపండి!"

తాతారావు చేతిలో పళ్ళపుల్ల కింద పడిపోయింది. "ఇన్నారా? పిలుస్తోందన్నాడు! సొంతింట్లో ఉన్నట్టు గడపమన్నాడు! ఆఫీసరుగారు మాట తప్పలేదే అమ్మా!"

"నేను సెప్పలేదూ, ఆయన మంచోడని" అంది మంగాయమ్మ కళ్ళొత్తుకుంటూ.

ఆదివారం ప్రయాణం పెట్టుకున్నారు. పన్నెండేళ్ళ తర్వాత ఇంటికి వెళ్తూ ఒట్టి చేతులతో వెళ్తామా అని లోవమ్మ గుండిగెడు పులిహోర కలిపింది, అరవై గారెలు వండింది. నూతిలో పడిన బొక్కెనలు తీసే పాతాళ గరిగెకి పొడుగాటి మోకు కట్టి అబ్బులు భుజాన వేసుకున్నాడు. అది నీళ్ళలోకి దింపి, తాళానికి తగిలించి, మూడోసారి లాగాలని వాళ్ళ ఆలోచన.

ఇక తాళంచెవులు. పాత ఇంటి చెవికి ఎర్ర దారం, కాలనీ ఇంటి చెవికి పసుపు దారం ఉండేవి. రెండూ ఒకే కొట్లో ఒకే రకం తాళాలు కొనడం వల్ల చూడ్డానికి చెవులు ఒక్కలాగే ఉంటాయి. మంగాయమ్మ రెండూ కొంగున ముడేసుకోబోతుంటే తాతారావు ఆపాడు.

"ఆగమ్మా. షికారుకొచ్చే సోట దొంగలుంటారు. నీ కొంగున ఎర్రదారం చెవి పాతింటిదని లోకానికంతా తెలుసు. వాడు దాన్నే కొట్టేస్తాడు."

"అయితే?"

"దారాలు మార్సేద్దాం. ఎర్ర దారం ఈ ఇంటి సెవికి, పసుపు దారం ఆ ఇంటి సెవికి. దొంగ ఎర్రది పట్టుకుపోయి, ఈదుకుంటా ఎల్లి, తాళంలో ఎట్టి తిప్పుతాడు. తిరగదు. వాడి మొహం ఎలాగుంటదో సూడండి!"

నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "అబ్బ, అన్నయ్యా! మనకే తెలీనంతగా మార్సేశావు!" అన్నాడు అబ్బులు. దారాలు మార్చారు. కాలనీ ఇంటికి తాళం వేసి తాతారావు మూడుసార్లు, అబ్బులు మూడుసార్లు, లోవమ్మ మూడుసార్లు లాగారు. మంగాయమ్మ కూడా లాగుతుండగా తొమ్మిదింటి బస్సు వెళ్ళిపోయింది. పదకొండింటి బస్సెక్కారు.

డ్యాం దగ్గర పెద్ద గేటు, గేటు పక్కన కాకీచొక్కా కాపలాదారు. గుండిగ చూడగానే అడ్డం వచ్చాడు. "బయటి తిండి లోపలికి తేకూడదు. తినేసి రండి."

అంతే! నలుగురూ గేటు ముందే చతికిలబడ్డారు. తినేసి రమ్మన్నాడు, తినేశాకే వెళ్ళాలి. తలా రెండు విస్తళ్ళు అయ్యాయి. గుండిగ సగం కూడా కాలేదు. తలా పది గారెలయ్యాయి. లోవమ్మ నడుం పట్టుకుని "ఇంక నావల్ల కాదు మావా" అంది. "ఆరు కిలోమీటర్లొచ్చి గారెలకి భయపడతావా? అమ్మ నిద్ర సంగతి!" అన్నాడు తాతారావు, కళ్ళు తేలేస్తూనే. ఆ మాట వినగానే మంగాయమ్మ ఇంకో గారె అందుకుంది. అడుగున మిగిలిన మెంతిపొడీ, ఎండుమిరపకాయలూ కూడా అబ్బులు నాకేశాడు. గుండిగ బోర్లించి చూపించాక గానీ లోపలికి అడుగుపెట్టలేదు. కాపలాదారు అప్పటికే కుర్చీ తీసుకుని దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

లోపలికి వెళ్ళగానే నీళ్ళకెదురుగా ఒక బోర్డు. 'ఇక్కడ నిలబడి ఫొటో తీసుకోండి.' నిలబడ్డారు. వాళ్ళ దగ్గర ఫొటో తీసేది ఏదీ లేదు. అయినా బోర్డు చెప్పింది కాబట్టి నిలబడ్డారు. గంట గడిచింది. వెనక జనం పోగయ్యారు. చివరికి టౌనునుంచి వచ్చిన కళ్ళజోడాయన విసుక్కుంటూ తన ఫోనులో వాళ్ళని ఒక ఫొటో తీసి "అయిపోయింది, తప్పుకోండి" అన్నాడు. ఆయనకి దణ్ణం పెట్టి తప్పుకున్నారు. ఆ ఫొటో ఆయనతోపాటే వెళ్ళిపోయింది.

పార్కులోకి వెళ్తే అక్కడొక పెద్ద పిట్ట నిలబడి ఉంది. నల్ల కోటు, తెల్ల పొట్ట, నోరు బార్లా తెరిచి ఉంది. పొట్ట మీద 'నాకు ఆకలిగా ఉంది, నాకు పెట్టండి' అని రాసి ఉంది. అబ్బులు కూడబలుక్కుని చదివాడు. మంగాయమ్మ గుండె చెరువైపోయింది.

"ఓరి నా తండ్రే! గుండిగెడు తినొచ్చాం, దీనికో గారె ఉంచలేదే!" అంటూ దాని నోట్లో చెయ్యి పెట్టి చూసింది. అరటి తొక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ కవర్లు. "సూశావటే లోవా! ఇంతమంది వొస్తన్నారు, సదూకున్నోళ్ళే. మూగజీవి నోరు తెరిచి అడుగుతుంటే ఏం పెట్టారో సూడు. మనుషులేనా?"

ఇంకేముంది! తాతారావు, అబ్బులు ఆ పిట్టని పడుకోబెట్టి కడుపులోదంతా కక్కించారు. పచ్చిక నిండా చెత్త. లోవమ్మ పరుగెత్తుకెళ్ళి బండిమీద వేడి బజ్జీలు రెండు పొట్లాలు తెచ్చింది. మంగాయమ్మ ఊది ఊది చల్లార్చి, ఒక్కొక్కటే దాని నోట్లో పెట్టింది. పార్కు ఊడ్చే మనిషి చీపురెత్తుకుని వచ్చేసరికి ఆఖరి బజ్జీ లోపలికి పోతోంది.

"ఎవరు తీశారిదంతా? మళ్ళీ దాని నోట్లోనే వెయ్యండి!" అని అరిచాడు.

నలుగురూ బిక్కచచ్చిపోయి, తీసిందంతా ఏరి మళ్ళీ వేశారు. వేసిన ప్రతిసారీ మంగాయమ్మ ఆ పిట్టని "ఏమనుకోకమ్మా, ఈయన తినమంటన్నాడు" అని బతిమాలింది. ఊడ్చే మనిషికి కోపం పోయి భయం పట్టుకుంది. చీపురు అక్కడే వదిలేసి వెళ్ళాడు.

సాయంత్రం నాలుగవుతుండగా బోటు రేవుకి చేరారు. ఐదింటికి బోట్లు ఆపేస్తారని చెప్పారు. పన్నెండేళ్ళ పని, గంటే ఉంది.

బోటు నడిపే కన్నబాబు మర్యాదస్తుడు, ఓపిక గలవాడు. అలాగని అప్పటిదాకా అందరూ అనేవారు. అతను నలుగురికీ మునగకుండా వేసుకునే నారింజరంగు కోట్లిచ్చాడు. ఆ పొట్టలకి బొత్తాలు పడితేనా! "ఊపిరి బిగపట్టండి" అన్నాడు కన్నబాబు. నలుగురూ బిగపట్టారు. బొత్తాలు టక్కున పడ్డాయి. కన్నబాబు వెళ్ళి ఇంజను చూసుకుని, తాడు విప్పుకుని వెనక్కి తిరిగేసరికి నాలుగు మొహాలూ వంకాయరంగులోకి తిరిగాయి. లోవమ్మ అప్పటికే పక్కకి ఒరిగింది.

"ఏటైంది? ఊపిరి పీల్చండి! పీల్చండి!"

నలుగురూ ఒక్కసారిగా పీల్చారు. "మరి ఆ మాట ముందే సెప్పాలి కదయ్యా!" అన్నాడు తాతారావు రొప్పుతూ. "సచ్చిపోయేవోళ్ళం. మేం కాబట్టి తట్టుకున్నాం."

కన్నబాబు ఒక్క క్షణం వాళ్ళని ఎగాదిగా చూశాడు. "ఎక్కడికి తీసుకెళ్ళమంటారు? ఆ గట్టు దాకా ఎళ్ళి తిప్పేస్తాను. దారిలో అటూ ఇటూ వంగితే బోటు తిరగబడుద్ది. కదలకుండా కూర్చోండి."

అంతే. కదలకుండా కూర్చున్నారు. మొహాన నీళ్ళు పడినా తుడుచుకోలేదు. మంగాయమ్మ ముక్కు మీద ఈగ వాలి, చాలాసేపు కూర్చుని, విసుగెత్తి తనే వెళ్ళిపోయింది. నోరు కదపాలన్నా కదలడమే కదా అని ఎవరూ పెదవి విప్పలేదు.

బోటు రెండు గట్ల మధ్యకి వచ్చింది. తాతారావు కళ్ళు చెమర్చాయి. అదిగో, నీళ్ళ మీదికి జానెడు తేలిన నల్లటి తాటిమోడు! పక్కింటి సూరన్న తాటిచెట్టు. దాని పక్కనే, అడుగున, తమ గుమ్మం. అతను చూశాడు, అబ్బులు చూశాడు, లోవమ్మ చూసింది. మంగాయమ్మ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. ఎవరూ చెయ్యెత్తలేదు, నోరెత్తలేదు. బోటు తాటిమోడు పక్కనుంచే వెళ్ళిపోయింది. గట్టు దాకా వెళ్ళి తిరిగింది. మళ్ళీ తాటిమోడు వచ్చింది. మళ్ళీ వెళ్ళిపోతోంది. పన్నెండేళ్ళు తల్లి కాచుకున్న చోటు కళ్ళముందే వెనక్కి జారిపోతోంది, తను మాత్రం బొమ్మలా కూర్చున్నాడు. అయినా కదల్లేదు. మాటంటే మాటే.

కన్నబాబుకి అనుమానమొచ్చి వెనక్కి తిరిగాడు. "ఏంటండీ, షికారుకొచ్చి శవాల్లా కూర్చున్నారు? మామ్మా, ఎందుకేడుస్తున్నావు? ఎవరైనా మాట్లాడండి!"

ఆ మాట రావడం తడవు. "ఆపు! ఇల్లు! తాటిచెట్టు! మూడోది! గుమ్మడికాయలు!" నాలుగు గొంతులూ ఒక్కసారే లేచాయి. నీళ్ళకోళ్ళు నాలుగు బెదిరి ఎగిరిపోయాయి.

కన్నబాబుకి సంగతంతా అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయాడు. మంగాయమ్మ మొహం చూసి నవ్వు మింగేశాడు. బోటు వెనక్కి తిప్పి, ఇంజను ఆపి, తాటిమోడుకి తాడు కట్టాడు.

"మీది కాకరలోవా? మాది ఇంకా పైన మునిగిన రేగులగూడెం. మా ఇంటికి తాళం కూడా లేదు మామ్మా, తడిక" అన్నాడు.

"తడికైతే మూడుసార్లు ఎట్టా లాగుతారు పాపం" అంది మంగాయమ్మ. ఆ ఇంటి సంగతి తలుచుకుని ఆమెకి నిజంగానే జాలేసింది.

తాతారావు పాతాళ గరిగె నీళ్ళలోకి దింపాడు. మోకు జారింది, జారింది, అడుగు తగిలింది. అటూ ఇటూ కెలికాడు. కొక్కేనికి ఏదో తగులుకుంది.

"దొరికింది! తాళమే! అబ్బులూ, లెక్కెట్టు!"

"మూడు!" అన్నాడు అబ్బులు.

తాతారావు కాళ్ళు బిగించి ఒక్క లాగు లాగాడు. బోటు ఇటు ఒరిగింది, లోవమ్మ కెవ్వుమంది. గరిగె మాత్రం జానెడు కూడా కదల్లేదు. ఇంకా లాగాడు. రాలేదు. కన్నబాబుకి తెలుసు, అది తాటి మొదలుకో బండకో పట్టుకుందని. తెలిసీ ఏమీ అనలేదు.

"పడిందమ్మా! తాళం పడింది! మూడోది లాగేశాను!" తాతారావు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

మంగాయమ్మ వంగి నీళ్ళవైపు చూసింది. నీళ్ళలో ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా ఆవిడకి అంతా కనపడింది. "గట్టిగా ఉంది. ఇంకెవడూ రాలేడు" అంది. అలా అంటూనే కొడుకు భుజం మీద తల వాల్చింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

గరిగె ఎంతకీ ఊడి రాకపోతే మోకుతో సహా నీళ్ళలోనే వదిలేశారు. పక్క బోట్లన్నీ రేవుకి వెళ్ళిపోతున్నాయి. కన్నబాబు ఇంజను పెట్టబోతూ, కొంగు ముడిలోంచి వేలాడుతున్న దారాలు చూసి, మంచిమాటగా "ఇంకా ఆ తాళంచెవి మొయ్యడం దేనికి మామ్మా? ఇంటి దగ్గరే ఉంచెయ్యి" అన్నాడు.

మంగాయమ్మ కళ్ళు తెరిచింది. చెప్పినవాడు బోటు నడిపేవాడు, నీళ్ళ సంగతి తెలిసినవాడు. చెప్పింది కూడా సబబుగానే ఉంది. చెవి ఇంటి దగ్గరే కదా ఉండాలి. కొంగు ముడి విప్పింది. ఎర్ర దారం చెవి తీసి కళ్ళకద్దుకుంది. పన్నెండేళ్ళు ఎర్ర దారమే పట్టుకుని పడుకున్న చెయ్యి, ఇంకో దారంవైపు పోతుందా! వేళ్ళు సడలించింది. చెవి 'బుడుక్' మంది.

నలుగురూ దణ్ణం పెట్టుకున్నారు. కన్నబాబు కూడా ఎందుకో టోపీ తీశాడు.

కాలనీకి చేరేసరికి వీధిదీపాలు ఇంకా వెలగలేదు. బస్సులో దారి పొడుగునా మంగాయమ్మ గురకపెట్టి నిద్రపోయింది, తాతారావు ఆ గురక వింటూ రాజులా కూర్చున్నాడు. ఇంటి ముందు దిగి, పసుపు దారం చెవి తాళంలో పెట్టి తిప్పాడు. తిరగలేదు. పక్కింటి నూనె రాసి తిప్పాడు. తిరగలేదు. అబ్బులు తిప్పాడు, లోవమ్మ తిప్పింది. పక్కింటి గవరమ్మ వచ్చి తిప్పింది.

"అన్నయ్యా, పొద్దున్న దారాలు మార్సాం కదా?" అన్నాడు అబ్బులు.

దొంగ కోసం పన్నిన పన్నాగం. దొంగ రాలేదు. పన్నాగం మాత్రం ఊరుకోలేదు.

"ఈ ఇంటి సెవి నీళ్ళలో ఏశావా అత్తా?" అంది లోవమ్మ, గుమ్మం మీద కూలబడుతూ.

"దానికేముందే, రాయెట్టి కొడితే ఊడొస్తది" అంది గవరమ్మ.

తాతారావు ఆమెని జాలిగా చూశాడు. "నలుగురం తలా మూడుసార్లు లాగిన తాళం పిన్నీ ఇది. రాయికి లొంగుద్దా?"

తర్వాత మీసం దువ్వుకుంటూ ఆలోచనలో పడ్డాడు. అతను ఆలోచిస్తున్నంతసేపూ మిగతా ముగ్గురూ ఊపిరి బిగపట్టారు. ఉన్నట్టుండి అతని మొహం వెలిగింది.

"కంగారెందుకే! ఈ ఇంటి సెవి ఎక్కడుంది? ఆ ఇంటి దగ్గరుంది. ఆ ఇంటి సెవి ఎక్కడుంది? ఇదిగో, నా సేతిలో ఉంది! ఎల్లి ఆ ఇల్లు తీసి, ఈ సెవి తెచ్చుకుంటే సరి!"

"అబ్బ! ఏం తెలివి అన్నయ్యా!" అన్నాడు అబ్బులు.

మంగాయమ్మ కొడుకు నెత్తిమీద మెటికలు విరిచింది. "ఎలాగూ ఎల్తన్నాం కదరా. ఈ పూటకి ఇంట్లోనే పడుకుందాం. మీ నాన్న మంచం మీద ఒళ్ళు వాల్చి ఎన్నాళ్ళైందో."

గవరమ్మ నోరు బార్లా తెరిచింది. అది చూసి లోవమ్మ "నీకూ ఆకలేస్తందా పిన్నీ?" అని ఆప్యాయంగా అడిగింది.

ఇంకేముంది! గవరమ్మ దగ్గరే రెండు చాపలు, ఒక అగ్గిపెట్టె అరువు పుచ్చుకున్నారు. ఇల్లు వదిలి వెళ్తున్నారు కాబట్టి తాళం మూడుసార్లు లాగారు. రోడ్డెక్కబోతుంటే మంగాయమ్మ చప్పున ఆగింది.

"లోవా! పన్నెండేళ్ళయింది, ఆ ఇంట్లో కుండ ఎండిపోయుంటది. మగోళ్ళు దాహమంటే ఏం పోస్తావే? బిందె పట్రా."

డ్యాంలో ఎన్ని నీళ్ళున్నా ఆ నీళ్ళు టౌనుకి పోతాయి, కాలనీ కుళాయికి మూడు రోజులకోసారే వస్తాయి. అదృష్టం బాగుండి ఆ సాయంత్రం కుళాయి వచ్చింది. గవరమ్మ బిందె నిండా పట్టుకుని లోవమ్మ చంకన పెట్టుకుంది. నలుగురూ డ్యాం వైపు నడక సాగించారు. ముందు పసుపు దారం చెవి పట్టుకుని తాతారావు, చాపలతో అబ్బులు, వెనకగా కోడలి పక్కన మంగాయమ్మ.

"నిదానంగా నడవ్వే తల్లీ, తొణికిపోతన్నాయి" అంది మంగాయమ్మ బిందె మీద చెయ్యి అడ్డం పెట్టి. "అక్కడ మనకి సుక్క దొరకదు."